లైటు కొడితే ఏమని అర్థం

మా డిపోలో ఆయన్ని అందరూ దేశాలాయన అనేవాళ్లు. పుట్టింది ఇక్కడే అయినా స్టీరింగు పట్టింది మాత్రం బయట. ఇరవయ్యో ఏట వెళ్లి, నాలుగు దేశాల్లో బండి నడిపి, నలభై నాలుగో ఏట తిరిగి వచ్చాడు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గాని, హాజరు పట్టీలో ఉన్న పేరుతో పిలిస్తే ఆయన కూడా ఒక్క క్షణం ఆలోచించి పలికేవాడు.

నేను ఆ డిపోలో షిఫ్టుల చార్టు రాసే గుమాస్తాని. ఏ డ్రైవరు ఏ పూట ఏ బస్సు ఎక్కాలో, ఎవరికి సెలవు, ఎవరికి జ్వరం, అన్నీ నా బల్ల మీదుగానే వెళ్లేవి. మావి ఊరి బస్సులు కావు. ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లని పొద్దున దింపి సాయంత్రం తెచ్చే బస్సులు. దేశాలాయన భార్య కర్టెన్లు కుడుతుంది. మా బస్సుల కిటికీలకి వేలాడే నీలం గుడ్డ ముక్కలన్నీ ఆమె మిషను మీద నుంచి వచ్చినవే. అలా ఇద్దరూ నాకు తెలుసు. ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని.

భోజనాల వేళ డ్రైవర్ల గదిలో పొడుగు బల్ల చుట్టూ చేరి ఆయన చేత చెప్పించుకునేవాళ్లం. ఆయన దేశాలని వాటి పేర్లతో చెప్పేవాడు కాదు. హారన్ దేశం, ఎడారి, దీవి, కొండలు. అంతే.

క్లీనరుగా ఎక్కి రెండేళ్లకి స్టీరింగు పట్టింది హారన్ దేశంలో. అక్కడ హారన్ తిట్టు కాదట, పలకరింపట. నేనున్నాను, చూసుకో అని. కొట్టకుండా దాటి వెళ్తే అవతలివాడికి కోపం వస్తుందట, ఇంటికొచ్చి చెప్పకుండా వెళ్లిపోయిన చుట్టం మీద వచ్చినట్టు. రోడ్డు మీద గీతలు ఉండేవి గాని, అవి రోడ్డుకి అందం కోసం వేశారని అందరి నమ్మకం. మూడు వరసల రోడ్డులో ఆరు వరసలు నడిచేవి. ఎవడూ ఎవణ్ణీ నమ్మడు కాబట్టి అందరూ కళ్లు విప్పుకునే నడిపేవాళ్లని ఆయన అనేవాడు.

ఎడారిలో ఎనిమిదేళ్లు పెద్ద ట్రెయిలర్ నడిపాడు. తాడు పట్టి గీసినట్టు రోడ్డు. మలుపు వస్తే మనిషి ఎదురైనంత సంబరం. అక్కడ రెండుసార్లు లైట్లు కొట్టారంటే ఒకటే మాట: వస్తున్నా, ఉన్నచోటే ఉండు. వెనక నుంచి కొట్టినా, ఎదర నుంచి కొట్టినా అదే. ఎనిమిదేళ్లలో ఆయన ఎన్ని వేలసార్లు లైట్లు కొట్టి ఉంటాడో ఆయనకే తెలియదు.

తర్వాత దీవి. అక్కడ లైటు కొడితే సరిగ్గా తిరగేసి అర్థం: మీరు వెళ్లండి, నేను ఆగుతాను. వెళ్లినవాళ్లు చెయ్యెత్తి కృతజ్ఞత చెప్పాలి. చెప్పకపోతే మర్యాద తెలియనివాడి కింద లెక్క. ఆయన అక్కడ దిగిన మొదటివారంలోనే ఒక ఇరుకు వీధిలో ఎదురుగా వచ్చిన కారు లైటు కొట్టింది. ఉన్నచోటే ఉండమంటోంది కాబోలు అని ఈయన ఉన్నచోటే ఉన్నాడు. ఆ కారూ కదల్లేదు. మళ్లీ కొట్టింది. ఈయన ఇంకాస్త వెనక్కి జరిగి ఆపాడు. ఇద్దరి వెనకా కార్లు బారులు తీరాయి గాని ఒక్కరూ హారన్ కొట్టలేదు. చివరికి ఆ కారులోంచి ఒక ముసలావిడ దిగి, కర్ర ఊతంగా పట్టుకుని వచ్చి, నాయనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా నవ్వేవాళ్లం. ఎన్నిసార్లు విన్నా ఆ కర్ర దగ్గరికి వచ్చేసరికి ఎవరికో ఒకరికి పొలమారేది.

కొండల దేశంలో ఐదేళ్లు. ఎక్కేవాడికి దిగేవాడు దారి ఇవ్వాలి. ముందు వెళ్లే లారీ ఒక పక్క ఇండికేటర్ వేసిందంటే మలుపు తిరుగుతోందని కాదు, ఎదర ఏమీ రావడం లేదు, నన్ను దాటుకుపో అని. ఇంకో ఊళ్లో అదే ఇండికేటర్ నమ్ముకుని దాటబోతే నేరుగా దాని కిందికే వెళ్తాం. అందుకే కొత్త దేశంలో బండెక్కితే మాట నేర్చుకోవడం తేలికే గాని, చేతులకి నేర్పడం కష్టమని ఆయన అనేవాడు.

మరి మన దగ్గరో అని ఎవరో అడిగారు. మన దగ్గర రూల్సు పుస్తకంలో ఒకటి, రోడ్డు మీద ఒకటి అన్నాడు. అది నిజమే. పుస్తకంలో లైటు కొట్టడానికి దారి ఇస్తున్నానని గాని, ఆగమని గాని ఏ అర్థమూ లేదు. రోడ్డు మీద మాత్రం మా ఊరివాళ్లు దీవివాళ్లలాగే వాడతారు. కొడితే రమ్మని.

ఆయన తిరిగొచ్చిన నాలుగో ఏడు అది జరిగింది. పొద్దున ఆరూ నలభై. చేతితొడుగుల ఫ్యాక్టరీకి ముప్ఫై ఇద్దరిని తీసుకెళ్తున్నాడు. చాలామంది కిటికీలకి తలలు ఆనించి నిద్రపోతున్నారు. పక్కవీధిలోంచి ఒకామె స్కూటరు మీద మెయిన్ రోడ్డు మీదికి వచ్చింది. బస్సు ఆపేలోపు తగిలింది. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆమెది. ముప్ఫై ఎనిమిదేళ్లు. ఆసుపత్రికి చేరకముందే పోయింది. ఆమెకి భర్త, పదేళ్ల కూతురు ఉన్నారని మర్నాడు తెలిసింది.

అప్పటికి మా బస్సుల్లో కెమెరాలు లేవు. మెలకువగా ఉన్న నలుగురూ బ్రేకు పడ్డాకే తలెత్తారు. మెయిన్ రోడ్డు మీద వెళ్లేవాడికి హక్కు, పక్కవీధిలోంచి వచ్చేవాళ్లు ఆగాలి. వేగం కూడా లోపలే ఉంది. తప్పు ఎటు ఉందో చూడటానికి ఎవరికీ పెద్ద కష్టం కాలేదు.

వారం తర్వాత మా మేనేజరు గదిలో విచారణ జరిగింది. రవాణా ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. వాంగ్మూలం టైపు చేయడానికి నన్ను పిలిచారు. అధికారి కాగితం చూసి ఒక్కొక్క ప్రశ్నా అడిగాడు. దేశాలాయన తడుముకోకుండా చెప్పాడు. ఎంత వేగం, ఎంత దూరం, రోడ్డు తడిగా ఉందా లేదా. తర్వాత అధికారి, ఆమెని చూశాక మీరు ఏదైనా సంకేతం ఇచ్చారా, హారన్ గాని లైటు గాని అని అడిగాడు.

దేశాలాయన బల్ల మీద ఉన్న నీళ్ల గ్లాసు వైపు చూశాడు.

"బ్రేకు వేశాను," అన్నాడు.

అది ఆ ప్రశ్నకి జవాబు కాదు. నాకు తెలిసింది. అధికారి చేతి గడియారం చూసుకుని, రాయమ్మా అన్నాడు. బ్రేకు వేశాను అని టైపు చేశాను. ప్రశ్న ఒకటి, జవాబు ఒకటి, రెండూ ఒకదాని కింద ఒకటి కాగితం మీద కూర్చున్నాయి. అధికారి, మేనేజరు, దేశాలాయన ముగ్గురూ సంతకాలు చేశారు. నిర్దోషి అన్నారు.

ఆ తర్వాత ఆయన బస్సెక్కలేదు. ఎక్కనని చెప్పనూ లేదు. పొద్దున్నే వచ్చి డ్రైవర్ల గదిలో బల్ల దగ్గర కూర్చునేవాడు. చార్టులో ఆయన పేరు రాస్తే తాళాలు తీసుకుని బస్సు దాకా వెళ్లి, తాళాలు తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. మూడోసారికి రాయడం మానేశాను. అదే సమయానికి బయటి దేశాల్లో నడిపి ఇక్కడికి కొత్తగా వచ్చిన డ్రైవర్లని చాలామందిని తీసుకున్నారు. వాళ్లకి ఇక్కడి పద్ధతులు నేర్పే మనిషి కావాలి. నాలుగు దేశాలు తిరిగినవాడు ఇంట్లోనే ఉండగా ఇంకెవరిని వెతుకుతాం అని మేనేజరు ఆయన్ని శిక్షణ గదిలో కూర్చోబెట్టాడు.

ఆరేళ్లు పాఠాలు చెప్పాడు. నా బల్లకీ ఆ గదికీ మధ్య సగం గోడ, సగం అద్దం. ప్రతి మాటా వినిపించేది. హారన్ దేశం, ఎడారి, దీవి, కొండలు. అవే మాటలు, అదే వరసలో. ముసలావిడ కర్ర దగ్గర కొత్తవాళ్లు నవ్వేవాళ్లు. ఆయన వాళ్ల నవ్వు అయ్యేదాకా ఆగి, తర్వాతి వాక్యం చెప్పేవాడు. మంచి మాస్టారని పేరొచ్చింది.

దుఃఖం అంటే ఏడవాలనుకుంటాం. ఆయన ఏడవలేదు. కోప్పడలేదు. తాగలేదు. ఒకసారి పన్ను పుచ్చి చెంప బూరెలా వాచేదాకా నొప్పని చెప్పలేదు. నేనే అడిగితే చెంప తడుముకుని, అవును వాచింది అన్నాడు, ఎవరి చెంపో అయినట్టు. భార్య ఒకసారి కర్టెన్ల మూట దింపడానికి వచ్చి నా దగ్గర కూర్చుంది. కావాలనే మూడు రోజులు కూరలో ఉప్పు వేయకుండా వండానని చెప్పింది. మూడు రోజులూ మాట్లాడకుండా తిన్నాడట. నాలుగో రోజు ఉప్పు వేసినా అలాగే తిన్నాడట. తిట్టినా బాగుండేదమ్మా అంది. ఆమె కూడా ఏడవలేదు. మూటలో ముక్కలు లెక్కపెట్టి అప్పగించి వెళ్లింది.

ఆరో ఏడు, ఒక కొత్త బృందంలో ఒక డ్రైవరమ్మ వచ్చింది. ఎడారి దేశంలో పదేళ్లు స్కూలు వ్యాన్లు నడిపిన మనిషి. గట్టి గొంతు, ముక్కుసూటి మాట. దేశాలాయన దీవి కథ ముగించి ముందుకు వెళ్లబోతుంటే చెయ్యెత్తింది.

"మాస్టారూ, మా దగ్గర లైటు కొడితే ఆగమని. దీవిలో రమ్మని అన్నారు. ఇక్కడ ఏమని?"

"ఇక్కడ ఏ అర్థమూ లేదమ్మా. పుస్తకంలో ఇరవై ఆరో పేజీ చూడండి."

"అర్థం లేకపోతే అందరూ ఎందుకు కొడుతున్నారు? నిన్న ఒక్క రోజే నాకు ఐదుగురు కొట్టారు. నేను కొట్టినప్పుడు ఎదుటివాళ్లు ఏమనుకుంటున్నారో నాకు తెలియాలి కదా."

ఆయన బోర్డు వైపు తిరిగాడు. చేతిలో సుద్దముక్క ఉంది. ఏదో రాస్తాడని అందరూ చూస్తున్నారు. రాయలేదు. అలాగే నిలబడ్డాడు. ఎంతసేపంటే, నేను అద్దంలోంచి చూసి, చేతిలో ఉన్న చార్టు పక్కన పెట్టి లేచాను. నేను తలుపు తీసేసరికి సుద్దముక్క బోర్డు పట్టీ మీద పెట్టి, మిగతాది రేపు చెప్పుకుందాం అని బయటికి వచ్చాడు.

నా బల్ల ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. ముఖంలో ఏమీ లేదు. టీ తాగుతావా అన్నయ్యా అని అడిగితే వినలేదు.

"ఆ రోజు టైపు చేసింది నువ్వే కదా చెల్లెమ్మా," అన్నాడు.

నేనే అన్నాను.

"లైటు కొట్టాను. రెండుసార్లు."

ఆయన మెల్లగా, పాఠం చెప్పినట్టే చెప్పాడు. ఆమె పక్కవీధి చివర బండి ఆపింది. కాలు కింద పెట్టింది. అటు చూసింది, ఇటు చూసింది, బస్సు వైపు చూసింది. రావాలా వద్దా అని సందేహిస్తున్నట్టు ఆయనకి అనిపించింది. చెయ్యి దానంతట అదే లైటు కొట్టింది. వస్తున్నా, ఉన్నచోటే ఉండు అని. ఎనిమిదేళ్ల ఎడారి ఆ చేతిలో ఉంది. ఆమె చూసింది. ఎడమ చెయ్యి పైకెత్తి కృతజ్ఞత చెప్పి, బండి ముందుకు పోనిచ్చింది.

"ఆ చెయ్యి ఎత్తగానే నాకు తెలిసిపోయింది, ఆవిడకేం అర్థమైందో. బ్రేకు అప్పుడే వేశాను."

ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్పకూడదని అనుకోలేదట. గ్లాసులో నీళ్లు కదులుతుంటే చూస్తున్నాడట. నోటికి బ్రేకు అన్న మాట వచ్చిందట. అందరూ సంతకం పెట్టారు కాబట్టి తనూ పెట్టాడట. తర్వాత ప్రతిరోజూ రేపు చెబుదాం అనుకున్నాడా అంటే, అదీ లేదట. ఏమీ అనుకోలేదట.

అప్పుడు నేను కూడా చెప్పాను. ప్రశ్నకీ జవాబుకీ పొంతన లేదని ఆ రోజే నాకు తెలుసని, తెలిసే టైపు చేశానని. ఆయన తలూపాడు. నన్ను తప్పు పట్టినట్టూ లేదు, క్షమించినట్టూ లేదు.

"వాళ్లింటికి వెళ్లాలి. ఒక్కణ్ణే వెళ్తే గుమ్మం దగ్గర్నించే తిరిగొచ్చేస్తానేమో. నువ్వు తోడు రా," అన్నాడు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి వెళ్లాం. చనిపోయినామె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. వాళ్లది మూడో అంతస్తు. ఆ మేడలో లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లెక్కుతూ ఆ మాట అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. దేశాలాయన ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కుతున్నాడు.

మెకానిక్ తలుపు తీశాడు. సన్నటి మనిషి. చేతుల మీద గ్రీజు మరకలు ఎంత కడిగినా పోని రకంవి. గుర్తుపట్టాడు. ఆసుపత్రిలో ఒకసారి చూశాడట. లోపలికి రమ్మన్నాడు. ముందుగదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, బల్ల మీద పాత కాగితం పరిచి విప్పిన లిఫ్టు తలుపు చక్రాలు ఉన్నాయి. వాటిని ఒక పక్కకి తోసి మాకు నీళ్లు తెచ్చాడు. కూతురు పక్కగదిలో చదువుకుంటోంది. తలుపు సగం తెరిచి ఉంది.

దేశాలాయన నీళ్లు ముట్టుకోలేదు. నాకు చెప్పినట్టే, అదే వరసలో, అన్నీ చెప్పాడు. మెకానిక్ ఒక చక్రం చేతిలోకి తీసుకుని తిప్పుతూ విన్నాడు. చెయ్యెత్తిందన్న చోట తిప్పడం ఆపాడు.

"ఆగిందా?" అన్నాడు.

"ఆగింది. కాలు కింద పెట్టింది."

"చూసిందా?"

"రెండు వైపులా చూసింది. నన్నూ చూసింది."

మెకానిక్ మా ఇద్దరిలో ఎవరికి చెబుతున్నాడో తెలియనట్టు, గోడ వైపు చూస్తూ చెప్పాడు. ఆ రోజు పొద్దున ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. పెద్ద విషయం కాదు. గోడకి మేకు ఎక్కడ కొట్టాలన్న దగ్గర మొదలై, ఎక్కడికో పోయింది. ఆమె తలుపు వేసుకుని వెళ్లిపోయింది.

"ఆరేళ్ల నుంచి రెండే అనుకుంటున్నాను. చూసుకోకుండా వెళ్లిందా, చూసి కావాలనే వెళ్లిందా అని. పిల్లకి మాత్రం మొదటిదే చెప్పాను. రోజూ బడికి పంపేటప్పుడు, అమ్మలా కాకుండా చూసి దాటు అంటాను. ఇవాళ్టికీ అంటున్నాను."

చేతిలో ఉన్న చక్రం బల్ల మీద పెట్టాడు.

మెకానిక్ కూతుర్ని పిలిచాడు. పదహారేళ్ల పిల్ల, జుట్టు కత్తిరించుకుని, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. ఈయన చెప్పేది విను అన్నాడు తండ్రి. మళ్లీ మొదటి నుంచి చెప్పమని దేశాలాయనకి చెప్పాడు. ఆయన మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఎడారి గురించి, అక్కడ లైటు కొడితే ఏమనో, ఇక్కడ ఏమనో, తన చెయ్యి ఏం చేసిందో, వాళ్లమ్మకి ఏమని అర్థమైందో. ఒక్క మాట తగ్గలేదు, ఒక్క మాట పెరగలేదు.

పిల్ల అంతా విని అడిగింది.

"చెయ్యి ఎలా ఎత్తింది?"

దేశాలాయన ఎడమ చెయ్యి భుజం దాకా ఎత్తి, వేళ్లు రెండు మాత్రం కాస్త కదిపి, దించేశాడు.

పిల్ల తండ్రి వైపు చూసింది. "అవును. అమ్మ అలాగే ఎత్తుతుంది," అంది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. చప్పుడు కాకుండా వేసుకుంది.

మెకానిక్ లేచాడు. మేమూ లేచాం.

"మిమ్మల్ని ఏమనాలో నాకు తెలియట్లేదు," అన్నాడు. "ఇదంతా కాగితం మీద రాసి ఇవ్వాలి. ఎక్కడిస్తారో అక్కడ ఇవ్వండి. ఇక వెళ్లండి."

సోమవారం పొద్దున దేశాలాయన చెబుతుంటే నేను టైపు చేశాను. చివర, జవాబుకి పొంతన లేదని తెలిసే ఆ రోజు టైపు చేశానని నా మాట కూడా ఒకటి చేర్చాను. మేనేజరు చదివి తల పట్టుకున్నాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటున్నారు, ఆరేళ్లు నోరు మూసుకున్నవాళ్లు ఇంకో ఆరేళ్లు మూసుకోలేరా అన్నాడు. చెడ్డవాడు కాదు. ఇంకో పాతిక మంది డ్రైవర్ల గురించి ఆలోచిస్తున్నాడు. కాగితం రవాణా ఆఫీసుకి వెళ్లింది, అక్కడి నుంచి కోర్టుకి వెళ్లింది.

ఏడాదిన్నర నడిచింది. ప్రతి వాయిదాకీ మెకానిక్ వచ్చి ఒకే వరసలో, ఒకే చివర కూర్చునేవాడు. మాతో మాట్లాడేవాడు కాదు. ఒకసారి కోర్టు లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఎవరూ అడగకుండానే వెళ్లి, లోపల చిక్కుకున్న ఇద్దరు లాయర్లని బయటికి తీసి, చేతులు తుడుచుకుని మళ్లీ తన చోట కూర్చున్నాడు. దేశాలాయన తరఫు లాయరు, లైటు కొట్టడానికి చట్టంలో ఏ అర్థమూ లేదు కాబట్టి కొట్టినా కొట్టకపోయినా ఒకటేనని వాదించాడు. అలా వాదించవద్దని దేశాలాయన అతనికి చెప్పాడు. ఆ ఏడాదిన్నరలో ఆయన తనంతట తాను అన్న మాట అదొక్కటే అనుకుంటాను.

తీర్పు వచ్చింది. ఉద్దేశం లేదు గాని నిజం దాచాడన్నారు. ఆరు నెలల శిక్ష వేసి, దాన్ని అమలు చేయకుండా నిలిపి ఉంచారు. లైసెన్సు పూర్తిగా రద్దు చేశారు. కంపెనీ ఆయన్ని తీసేసింది. నన్ను తీసేయలేదు. చార్టు బల్ల మీద నుంచి టైర్ల గోడౌనుకి మార్చారు. అక్కడ చలి ఎక్కువ, పని తక్కువ.

తీర్పు రోజు మెకానిక్ అక్కడి గుమాస్తా దగ్గరికి వెళ్లి నకలు కావాలని అడిగాడు. తీసుకుని, పేజీలు తిప్పి, ఒక చోట వేలు పెట్టి నిలబడి చదువుకున్నాడు. నేను వెనకే ఉన్నాను కాబట్టి నాకూ కనిపించింది. మృతురాలు వాహనం ఆపి, ఇరువైపులా చూసి, ఎదుటి వాహనం ఇచ్చిన సంకేతాన్ని నమ్మి ముందుకు కదిలినట్టు తేలుతున్నది అని ఉంది. ఆ పేజీ మూల మడిచి, కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేను అతన్ని చూడలేదు. ఆ పిల్ల కళ్లద్దాల పనే నేర్చుకుంటోందని ఎవరో అన్నారు. నిజమో కాదో తెలియదు.

దేశాలాయన ఇప్పుడు ఒక ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తున్నాడు. దుప్పట్లు, దిండు గలీబులు వేరుచేసి మిషన్లలో వేసే పని. ఇంటి నుంచి నడిచే వెళ్తాడు, నలభై నిమిషాలు. ఒక శనివారం చూడటానికి వెళ్లాను. ఆవిరి, సబ్బు వాసన, మిషన్ల మోత. ఆయన మడత పెట్టిన దుప్పట్ల వరస మధ్యలో నిలబడి ఉన్నాడు. కాస్త చిక్కాడు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. కొంచెమైనా బరువు దిగిందా అన్నయ్యా అని అడిగాను.

"దిగిందా అంటే ఏమో చెల్లెమ్మా. మోస్తున్నట్టు కూడా తెలీలేదు కదా."

ఇక్కడ కూడా అన్ని దేశాలవాళ్లూ ఉన్నారని చెప్పాడు. దుప్పటి మడత ఒక్కొక్కళ్లది ఒక్కో తీరట. ఒకామె మూడు మడతలు వేస్తుంది, ఒకతను చుట్ట చుడతాడు. ఇదీ పాఠంలాగా చెప్పాడు గాని మధ్యలో ఆపి, ఏదో ఆలోచించి, మళ్లీ చెప్పాడు. ఆ ఆపడం ఇదివరకు లేదు.

మొన్న వర్షాకాలంలో ఆయన భార్య ఫోను చేసింది. పనిలోంచి వస్తుంటే దారి మధ్యలో పెద్ద వాన పట్టుకుందట. నిలువునా తడిసి ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడి వానని తిట్టాడట. బూట్లు విప్పుతూ తిట్టాడట, తల తుడుచుకుంటూ తిట్టాడట. వాన కురిసే వేళ కాదిది అన్నాడట, మనుషులు ఇంటికెళ్లే వేళ అని ఆకాశానికి తెలియదా అన్నాడట. పావుగంట ఆగకుండా తిట్టాడమ్మా, నేను మిషను ఆపి విన్నాను అంది.

తర్వాత ఏం చేశాడని అడిగాను.

పొడి చొక్కా తొడుక్కుని పడుకున్నాడు అంది. డిపో వాళ్లకి కొత్త కర్టెన్లు ఎప్పుడు కావాలో కనుక్కోమని చెప్పి ఫోను పెట్టేసింది.